చిప్పు మీద పొర ఏడ పడాల్నో చెప్పేది కెమిస్ట్రీనే

చిప్పుల ఫ్యాక్టరీ అనంగనే మన పిలగాండ్లకు కంప్యూటర్ ముంగట కూసొని కోడింగ్ చేసేటోళ్లే కండ్లల్ల మెదుల్తరు. బీఎస్సీల కెమిస్ట్రీ తీసుకున్నమంటె "గది చదివి ఏం జేస్తవ్‌రా, కంప్యూటర్స్ తీస్కోకపోయినవ్" అని చుట్టాల నుంచి దోస్తుల దాక అందరు అంటరు. నేను చదివింది కెమిస్ట్రీనే కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. గానీ చిప్పును డిజైన్ చేసుడు వేరు, తయారు చేసుడు వేరు. డిజైన్ కాడ కంప్యూటర్ పని నడుస్తది. తయారీ కాడికి వచ్చేసరికి కడుగుడు, పొర ఎక్కిచ్చుడు, చెక్కుడు, మల్ల కడుగుడు. గిట్ల వందల మెట్లు ఉంటయి. అండ్ల చానా మెట్లు నిఖార్సైన కెమిస్ట్రీ.

వాటిల్ల ఒక్క మెట్టు గురించి ఇయ్యాల చెప్త. లోహం ఆక్సైడ్ పొరను పరమాణువుల లెక్కన, కావాల్సిన జాగలనే ఎట్ల పెంచుతరన్నది ఆ సంగతి. ఇది అర్థమైతె చిప్పుల పనిల కెమిస్ట్రీ చదివినోని జాగ ఏడుందో మీకే తెలుస్తది.

తుప్పు, సిల్వర్ గిన్నె

మొదలు ఆక్సైడ్ పొర అంటె ఏందో సూద్దం. నాగలి కర్రును వానకు ఇడిసిపెడితె తుప్పు పడ్తది. ఇనుముకు గాలిల ఆక్సిజన్, తడి తగిలి అయ్యే ఆక్సైడే తుప్పు. అది గట్టిగ అతుక్కోని ఉండది, పెచ్చులు పెచ్చులుగ రాలుతది. రాలినకాడ మల్ల ఇనుము బయటపడ్తది, అది గూడ తుప్పు పడ్తది. గట్ల కర్రును తినుకుంట పోతది.

ఇప్పుడు ఇంట్ల సిల్వర్ గిన్నెను సూడుండ్రి. మనం సిల్వర్ అంటం గానీ అది అల్యూమినియం. దానికి గూడ గాలి తగలంగనే ఆక్సైడ్ పొర ఏర్పడ్తది. కాకపోతె ఆ పొర గట్టిగ అతుక్కుంటది, కొన్ని నానోమీటర్ల మందం కాంగనే ఆగిపోతది, లోపలి లోహాన్ని కాపాడ్తది. నానోమీటర్ అంటె మిల్లీమీటర్‌ల పది లక్షల వంతు. మన తలెంటిక మందమే 50,000 నుంచి 1,00,000 నానోమీటర్ల దాక ఉంటది.

రెండూ ఆక్సైడ్లే. ఒకటి ఆగకుంట తింటది, ఇంకోటి ఆగి కాపాడ్తది. అంటె ఆక్సైడ్ మంచిదా చెడ్డదా అని అడిగితె జవాబు రాదు. పొర ఏడ మొదలైతది, ఎంత మందం కాడ ఆగుతది అని అడగాలె. చిప్పు చేసేటోళ్లు పొద్దుమాపు తన్లాడేది గీ రెండిటి కోసమే.

చిప్పుకు గీ పొర ఎందుకు?

చిప్పుల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటయి. ఒక్కో ట్రాన్సిస్టర్ కరెంటుకు నల్లా అసొంటిది. నల్లా తిప్పే చెయ్యి అసొంటిదాన్ని గేటు అంటరు. ఆ గేటుకు, కింద కరెంటు పారే సిలికాన్‌కు మధ్యల కరెంటును దాటనియ్యని పొర ఒకటి ఉండాలె. ఎన్నో ఏండ్లు ఈ పొరను సిలికాన్ డయాక్సైడ్‌తోనే చేసిండ్రు. సిలికాన్ పలకను ఆక్సిజన్‌ల వేడి చేస్తె ఆ పొర పలక మీదనే పెరుగుతది.

ట్రాన్సిస్టర్లు చిన్నగైన కొద్ది పొరను గూడ పల్చగ చేసుకుంట పోయిండ్రు. ఆఖరికి 1.2 నానోమీటర్ల కాడికి వచ్చింది. అంటె పరమాణువుల వరుసలు ఐదారు, గంతే. గంత పల్చగైతె కరెంటు అండ్లకెల్లి కారుడు షురూ అయింది. నల్లా బందు పెట్టినా నీళ్లు కారినట్టు. చిప్పు ఉత్తగనే వేడెక్కుతది, బ్యాటరీ ఒడిసిపోతది.

2007ల ఇంటెల్ కంపెనీ తన 45 నానోమీటర్ల తరం చిప్పులల్ల హాఫ్నియం అనే లోహం ఆక్సైడ్ ఆధారంగ చేసిన పొరను వాడింది. ఈ పొర జర మందంగ ఉన్నా గేటు పట్టు తగ్గది, కారుడు మాత్రం బాగ తగ్గుతది. గానీ చిక్కేందంటె, ఇది సిలికాన్‌ను వేడి చేస్తె వచ్చేది కాదు. హాఫ్నియంను బయటికెల్లి తెచ్చి పెట్టాలె. పలక చూస్తె 300 మిల్లీమీటర్ల అడ్డం, అన్నం తినే పళ్లెమంత ఉంటది. అంత జాగ మీద ఈ కొస నుంచి ఆ కొస దాక పొర మందం ఒక్క తీరుగ రావాలె. పెయింట్ పిచికారి కొట్టినట్టు కొడితె ఒకకాడ ఎక్కువ, ఒకకాడ తక్కువ పడ్తది. గీడ అది నడవది.

నిలబడనియ్యని బస్సు

దీనికి వాడే పద్ధతి పేరు ఎటామిక్ లేయర్ డిపోజిషన్. పొట్టిగ ఏఎల్‌డీ అంటరు. అల్యూమినియం ఆక్సైడ్ పొరతోని చెప్తె ఇది తేలిగ్గ అర్థమైతది.

ఆక్సైడ్ పైభాగం మనకు నున్నగ కనవడ్తది గానీ దాని మీద ఓహెచ్ గుంపులు, అంటె ఒక ఆక్సిజన్‌కు ఒక హైడ్రోజన్ అతికి ఉన్న జంటలు, కొక్కాల లెక్క పైకి తేలి ఉంటయి. సిలికాన్ డయాక్సైడ్ మీదనైతె నిండుగ ఉన్నప్పుడు ఒక్క చదరపు నానోమీటర్‌ల సుమారు 5 ఉంటయి. వీటిని బస్సుల సీట్లు అనుకోండ్రి. ఈ బస్సుల నిలబడి పోనియ్యరు. సీటు దొరికినోడే ఉండాలె.

మొదటి మెట్టుల ట్రైమిథైల్ అల్యూమినియం ఆవిరిని ఇడుస్తరు. ఇది ఒక అల్యూమినియంకు మూడు మిథైల్ గుంపులు అతికున్న అణువు. ఇది ఓహెచ్‌ను పట్టుకుంటది. ఓహెచ్‌ల హైడ్రోజన్, దీని మిథైల్ కలిసి మీథేన్ గ్యాస్ అయి బయటికి పోతయి. అల్యూమినియం ఆక్సిజన్‌కు అతుక్కుంటది. సీట్లన్ని నిండినంక ఇంకెంత ఆవిరి ఇడిసినా పట్టది. రెండో మెట్టుల నైట్రోజన్ గాని ఆర్గాన్ గాని ఊది, సీటు దొరకనోళ్లను బయటికి తరుముతరు. మూడో మెట్టుల నీటి ఆవిరి ఇడుస్తరు. అది మిగిలిన మిథైల్‌లను మీథేన్‌గ పంపించి వాటి జాగల మల్ల ఓహెచ్ పెడ్తది. అంటె కొత్త పొర మీద కొత్త సీట్లు తయారైనయి. నాలుగో మెట్టుల మల్ల ఊదుడు. ఇది ఒక చుట్టు.

ఒక్క చుట్టుకు సుమారు 0.1 నానోమీటర్ మందం వస్తది. 10 నానోమీటర్లు కావాల్నంటె 100 చుట్లు తిప్పాలె. ఆవిరి జర ఎక్కువ పోయినా పొర మందం మారది, ఎందుకంటె సీట్లు గన్నే ఉన్నయి. సందులల్ల, లోతు గుంతల లోపట గూడ పొర ఒక్క తీరుగనే పడ్తది. మందాన్ని నిర్ణయించేది ఆవిరి కాదు, పైభాగం. ఈ పద్ధతికి పాణం గిదే.

దీన్ని కనిపెట్టిన కథ గూడ చిప్పుల నుంచి మొదలు కాలే. 1960లల్ల సోవియట్ యూనియన్‌ల లెనిన్‌గ్రాడ్ కాడ అలెస్కోవ్‌స్కీ, కోల్త్‌సోవ్ అనే రసాయన శాస్త్రవేత్తలు సిలికా జెల్ మీద టైటానియం క్లోరైడ్‌ను, నీళ్లను ఒకటెనుక ఒకటి ఇడిసి పొరలు పెంచిండ్రు. వాళ్లతోని సంబంధం లేకుంటనే 1974ల ఫిన్లాండ్‌ల టువోమో సుంటోలా ఇదే ఆలోచన చేసి పేటెంటు పెట్టుకున్నడు. ఆయనకు కావాల్సింది వెలుగునిచ్చే పల్చటి డిస్‌ప్లే బోర్డులు. 1983ల హెల్సింకి ఎయిర్‌పోర్టుల అసొంటి బోర్డులు పెట్టిండ్రు. చిప్పులోళ్లకు ఈ పద్ధతి అవసరం చానా ఏండ్ల తర్వాత పడ్డది. 2018ల సుంటోలాకు మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ ఇచ్చిండ్రు.

పోచంపల్లి కట్టు, పుట్టపాక నూనె

ఇప్పటిదాక పొర ఎంత మందం రావాల్నో సూసినం. ఇగ ఏడ రావాలె, ఏడ రావద్దు అన్నది సూద్దం. ఇది మనోళ్లకు తెల్వని ఇద్య కాదు.

పోచంపల్లిల చీర నేసే ముందుగాల నూలుకు రబ్బరు పట్టీలు బిగ్గ కట్టి రంగుల ముంచుతరు. కట్టినకాడ రంగు దిగది, ఇడిసినకాడ దిగుతది. పుట్టపాకల తేలియా రుమాల్ నేసేటోళ్లు ఇంకో పని చేస్తరు. నూలును నూనెల, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లల్ల దినాల కొద్ది నానబెడ్తరు. అప్పుడు నూలుకు రంగు మంచిగ పడ్తది, నిలుస్తది. ఒకరు రంగును అడ్డుకుంటున్నరు, ఇంకొకరు రంగును పిలుస్తున్నరు. ఇద్దరు గూడ రంగుల కుండ కాడికి పోకముందే నూలు మీద పని చేస్తున్నరు. ఆక్సైడ్ పొర కాడ గూడ గివే రెండు పనులు.

మొదలు పిలిచే పని. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తోని కడిగిన సిలికాన్ మీద ఓహెచ్‌లు ఉండయి, హైడ్రోజన్‌లే ఉంటయి. దాని మీద హాఫ్నియం ఆక్సైడ్ పెంచాలని చూస్తె చుట్లు తిరుగుతనే ఉంటయి, పొర సక్కగ రాది. ఆడో ముద్ద, ఈడో ముద్ద అయితది. ఎరువు వెయ్యని చెల్కల మొలకలు పల్చగ లేసినట్టు. అదే సిలికాన్‌ను ముందుగాల రసాయనాలతోని కడిగి, ఓహెచ్‌లు నిండిన సన్నటి ఆక్సైడ్ పూత తెప్పిస్తె, హాఫ్నియం ఆక్సైడ్ మొదటి చుట్టు నుంచే సక్కగ పెరుగుతది. గ్రాఫీన్ సంగతి ఇంకా కష్టం. అది కార్బన్ పరమాణువులు ఒక్క వరుసల అల్లిన జాలి. దాని మీద కొక్కాలే ఉండయి. పొర పెడితె జాలి అంచుల కాడ, చిరిగినకాడ మాత్రమే పట్టుకుంటది. అందుకే ముందుగాల ఓజోన్ గాని నైట్రోజన్ డయాక్సైడ్ గాని తగిలిచ్చి, పొర పట్టెతందుకు ఆధారం చేసుకుంటరు.

వేడితోని గూడ సీట్లు మారుతయి. సిలికాన్ డయాక్సైడ్‌ను బాగ వేడి చేస్తె పక్కపక్కన ఉన్న ఓహెచ్‌లు కలిసి నీళ్లయి పోతయి, సీట్లు తగ్గుతయి. అంటె అదే పలక, అదే ఆవిరి అయినా, దానికంటె ముందు ఆ పలకను ఎట్ల చూసుకున్నమన్నదాని మీదనే ఫలితం ఉంటది.

ఇగ అడ్డుకునే పని. చిప్పుల రాగి తీగ, దాని పక్కనే కరెంటు పారని ఆక్సైడ్ ఆనుకోని ఉంటయి. కొత్త పొర ఆక్సైడ్ మీదనే రావాలె, రాగి మీద రావద్దు. పాత పద్ధతిల అయితె మొత్తం మీద పొర పెట్టి, వెలుతురుతోని అచ్చు వేసి, వద్దన్నకాడ చెక్కి తీస్తరు. గానీ గీతలు పది, ఇరవై నానోమీటర్ల కాడికి వచ్చినంక అచ్చు జర పక్కకు జరిగినా పని ఖరాబైతది. అందుకే వద్దన్నకాడ పొర పెరగకుంటనే చెయ్యాలని ఆలోచన చేసిండ్రు.

దానికి పొడుగు తోక అణువులు వాడ్తరు. ఒక కొసన ఉండే తలకాయ రాగిని పట్టుకుంటది, ఆక్సైడ్‌ను పట్టుకునే తలకాయలు గూడ వేరే రకంల ఉంటయి. ఇంకో కొసన 18 కార్బన్ల తోక ఉంటది. మైనం లెక్క నీళ్లను దగ్గరికి రానియ్యది. ఈ అణువులు వరి పైరు లెక్క ఒత్తుగ నిలబడితె కింద ఉన్న కొక్కాలు మూసుకపోతయి, పొర పట్టది. పోచంపల్లి కట్టు చేసేది గిదే.

కట్టు వదులైతె రంగు లోపటికి దిగినట్టు, ఈడ గూడ సందులు ఉంటయి. అణువులు ఒత్తుగ నిలబడాల్నంటె ద్రావణంల గంటల కొద్ది, ఒక్కోసారి రోజు దాటి ఉంచాలె. అంత చేసినా చుట్లు ఎక్కువైన కొద్ది ఏదో ఒక సందుల పొర మొలకెత్తుతది. 2015ల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల స్టేసీ బెంట్ బృందం దీనికి ఒక ఉపాయం చూపెట్టింది. పొర పెంచినంక పలకను ఎసిటిక్ యాసిడ్‌ల ముంచిండ్రు. వెనిగర్‌ల ఉండే పులుపు ఇదే. రాగి మీద తెల్వకుంట పెరిగిన పొర పోయింది, పక్కన కావాల్సిన పొర మిగిలింది. మడిల నాటు అయినంక కలుపు తీసినట్టు.

2017ల నెదర్లాండ్స్‌ల ఐండ్‌హోవెన్ యూనివర్సిటీల ఇంకో దారి పట్టిండ్రు. పొడుగు తోకలు, గంటల నానబెట్టుడు లేకుంట, ఎసిటైల్‌ఎసిటోన్ అనే చిన్న అణువును ఆవిరిగనే ప్రతి చుట్టుల ఇడిసిండ్రు. అది అల్యూమినియం ఆక్సైడ్ మీద కూసుంటది, సిలికాన్ డయాక్సైడ్ మీద కూసోది. దాంతోని కొత్త పొర సిలికాన్ డయాక్సైడ్ మీదనే పెరిగింది. కట్టు ఒక్కసారి కట్టి ఇడిసిపెట్టకుంట, ముంచిన ప్రతిసారి కొత్తగ కట్టినట్టు.

మన బాయి కాడి ప్యానెల్

ఇదంతా ఏడనో అమెరికాల, ఫిన్లాండ్‌ల జరిగే ముచ్చట అనుకోకుండ్రి. బాయి కాడ సోలార్ ప్యానెల్ ఉందా? ఈ మధ్యల వస్తున్న సిలికాన్ ప్యానెళ్లు చానా వాటిల్ల అల్యూమినియం ఆక్సైడ్ పొర కొన్ని నానోమీటర్ల మందంతోని ఉంటది. సిలికాన్ ముక్క అంచు కాడ పరమాణువులకు పట్టుకునే జత ఉండది, చేతులు ఖాళీగ ఉంటయి. ఎండకు పుట్టిన కరెంటు ఆ ఖాళీ చేతుల కాడ చిక్కుకోని పోతది. అల్యూమినియం ఆక్సైడ్ పొర ఆ చేతులను కట్టేస్తది. దాంట్ల ఉండే రుణ ఆవేశం ఎలక్ట్రాన్లను అంచు కాడికి రానియ్యది. మన మోటరుకు జర ఎక్కువ కరెంటు వస్తుందంటె దాని ఎనుక కంటికి కనవడని ఆక్సైడ్ పొర గూడ ఉంది.

మరి మనకేంది?

2024 ఫిబ్రవరిల కేంద్ర కేబినెట్ గుజరాత్‌ల ధోలేరా కాడ టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్ కంపెనీ పీఎస్‌ఎంసీ కలిసి పెట్టే చిప్పుల ఫ్యాబ్‌కు ఒప్పుకుంది. పెట్టుబడి 91,000 కోట్లు అన్నరు. అది రాంగనే మన ఊరికి కొలువులు వస్తయని నేను చెప్పను. అది గుజరాత్‌ల ఉంది, పోటీ దేశమంత ఉంటది. గానీ ఆ కొలువుల లెక్కల మన పిలగాండ్లు తమను తాము ముందే తీసేసుకుంటున్నరు. నా బాధ గది.

పటాన్‌చెరు, జీడిమెట్ల, బొల్లారం మందుల కంపెనీలల్ల మన ఊర్ల పిలగాండ్లు ఎంతమంది పని చేస్తలేరు? వాక్యూం పంపు సూసుడు, నైట్రోజన్‌తోని గాలిని తరుముడు, వాల్వుల వరుస తప్పకుంట తిప్పుడు, లీకు పట్టుకునుడు, బ్యాచ్ రికార్డు రాసుడు వాళ్లకు రోజు పని. పైన చెప్పిన నాలుగు మెట్ల చుట్టును మల్లొకసారి సదువుండ్రి. ఆవిరి ఇడుసుడు, ఊదుడు, నీళ్లు ఇడుసుడు, ఊదుడు. నన్నడిగితె ఈ పనికి కోడింగ్ నేర్చినోనికంటె మన రియాక్టర్ కాడి తమ్ముడే దగ్గర. శుభ్రత ఇంకా మస్తు కఠినంగ ఉంటది, మిషన్లు వేరే ఉంటయి, నేర్చుకునేది చానా ఉంది. గానీ మొదలు సున్నా కాడ లేడు.

ఇంకో సంగతి పాణానికి సంబంధించింది. ట్రైమిథైల్ అల్యూమినియం గాలి తగిలితె అంటుకుంటది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మం మీద పడితె కొన్నిసార్లు మొదలు నొప్పే తెల్వది. అది లోపటికి దిగి ఒంట్ల క్యాల్షియంను పట్టుకుంటది, మనిషి పాణం తీస్తది. ఎంటనే నీళ్లతోని కడిగి, క్యాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, దవఖానకు తీస్కపోవాలె. ఇది తెల్వని మనిషిని ఆ పనికి పెట్టుడు తప్పు. ఎందుకు ప్రమాదమో వాని బాసల చెప్పకుంట, ఇంగ్లీషుల రాసిన బోర్డు గోడకు తగిలిచ్చి చేతులు దులుపుకునుడు ఇంకా పెద్ద తప్పు. కెమిస్ట్రీని తెలుగుల చెప్పాలని నేను అడుగుతున్నదంటె బాస మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు.

డిగ్రీ కాలేజీల సారు, మేడం "సిలికా మీద ఓహెచ్ ఉంటది" అని ఒక్క లైన్‌ల చెప్పి పోతరు. మనం దాన్ని బట్టీ పట్టి రెండు మార్కులకు రాస్తం. ఆ ఒక్క లైన్ మీదనే ఇంత పెద్ద పరిశ్రమ నిలబడి ఉందని ఎవ్వరు చెప్పరు. మీరే అడగుండ్రి. ఈ ఓహెచ్ ఏం పని చేస్తది, ఏడ వాడ్తరు అని. ఎంఎస్సీ, ఇంజినీరింగ్ చదివేటోళ్లు బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయిలల్ల ఉన్న నానో ల్యాబుల గురించి తెలుసుకోండ్రి. కేంద్ర ప్రభుత్వం సాయంతోని బయటి కాలేజీలోళ్లకు గూడ శిక్షణ ఇచ్చెతందుకు ఐఎన్‌యూపీ అనే పథకం పెట్టిండ్రు. ఇంటర్నెట్‌ల ఆ పేరు కొడితె వివరాలు వస్తయి. మీ కాలేజీ నుంచి ఇప్పటిదాక ఎవ్వరు పోకపోతె మొదటోళ్లు మీరే కావచ్చు.

ఇంటర్ అయినంక మీ తమ్ముడో చెల్లెనో కెమిస్ట్రీ తీసుకుంట అంటె "ఏం పనికొస్తది" అని మాత్రం అనకుండ్రి. మీ చేతుల ఉన్న ఫోన్‌ల కరెంటు కారకుంట ఆపుతున్న పొర ఏడికెల్లి వచ్చిందో చెప్పుండ్రి.